మేనత్త కూర్చునే చాప

పొయ్యి మీద సీమపనస ఉడుకుతోంది. లోసలీన్ కిటికీ పక్కన కూర్చుని చాప అల్లుతోంది. మొగలి పాయలు ఆమె వేళ్ళ మధ్య చకచకా కదులుతున్నాయి. కూతురు సెలా పెళ్ళి దగ్గరపడింది. పెళ్ళిలో అందరికంటే పెద్ద మర్యాద మేనత్తకే. ఆమె కింద పరిచే చాప తమ్ముడి భార్య స్వయంగా అల్లాలి. కొన్న చాప పరిస్తే వవావు దీవి మొత్తం చెవులు కొరుక్కుంటుంది.

ఆ మేనత్త లుసియానె అప్పుడే గుమ్మంలో అడుగుపెట్టింది. లోసలీన్ భర్త మాకా అక్కను చూడగానే లేచి, దూరంగా గోడవారకు జరిగి కూర్చున్నాడు. పెద్దయ్యాక అక్కాతమ్ముళ్ళు పక్కపక్కన కూర్చోకూడదు అక్కడ.

లుసియానె చాప అంచు తడిమి చూసింది. "చూశావా, చేతులు ఎంత బాగా ఆడుతున్నాయో! మొన్నటిదాకా వేళ్ళు ముడుచుకోవట్లేదు, మంచం దిగలేకపోతున్నానని ఒకటే మూలుగు. బద్ధకం అమ్మాయ్, బద్ధకం. చర్చిలో అందరి ముందూ నేనన్నది తప్పా?"

"తప్పు కాదు వదినా," అంది లోసలీన్ తలెత్తకుండా.

టీ తెస్తున్న సెలా ఆగిపోయింది. అనడంలో తనూ తక్కువ తినలేదు. తల్లి బొత్తాం పెట్టుకోలేక అవస్థపడుతుంటే, "స్నేహితుల ముందు ముసలమ్మలా ఉండకమ్మా, పరువు పోతోంది" అని విసుక్కుంది. నిన్న చర్చి బయట క్లినిక్ నర్సు, మీ అమ్మ మందులకు రావడం మానేసిందేమని అడిగినప్పటి నుంచి తనన్న ఆ మాటే గుచ్చుకుంటోంది.

"అమ్మా, మాత్రలు ఆపేశావా?"

లోసలీన్ వేళ్ళు ఆగాయి. "తర్వాత మాట్లాడుకుందాం. నాన్నా, అత్తా ఇద్దరూ ఉన్నారు."

"ఏం మాత్రలు? ఆక్లండ్‌లో కడుపు ఆపరేషనయ్యి చాలా రోజులైందిగా?" అంది లుసియానె.

మాకా చూపు నేలకు దించుకున్నాడు. అక్కాతమ్ముళ్ళు ఒక కప్పు కింద ఉండగా ఒంటి సంగతులు నోట రాకూడదు. వస్తే ఆ ఇంట్లో మర్యాద లేనట్టే. అందుకే మాకా అప్పట్లో "కడుపులో ఏదో" అని అక్క దగ్గర గొణిగి తప్పుకున్నాడు. ఇన్నాళ్ళూ ఆ అబద్ధంతోనే నెట్టుకొచ్చారు.

"కడుపు కాదత్తా," అంది సెలా. "రొమ్ము క్యాన్సర్."

మాకా చివాలున లేచి బయటికి నడిచాడు. లోసలీన్ చేతుల్లో ముఖం దాచుకుంది. అయినా సెలా ఆపలేదు.

"అది తిరగబెట్టకుండా హార్మోన్లను అణిచే మాత్రలు ఏళ్ళ తరబడి మింగాలి. వాటివల్లే కీళ్ళు బిగుసుకుపోయేది, వేళ్ళు పట్టేసేది. నొప్పి ఓర్చుకోలేకపోతే మందు మార్చి చూడొచ్చు, సొంతంగా మానొద్దని నర్సు చెప్పింది. అమ్మ వెళ్ళలేదు."

"ఏమని వెళ్ళను?" లోసలీన్ ముఖం మీంచి చేతులు తీసింది. "మాత్ర మింగితే పాయ పట్టుకోలేను. వదినకు చాప లేకపోతే నేను ఏ ముఖం పెట్టుకుని తిరగను? పెళ్ళయ్యాక మళ్ళీ వేసుకుందామనుకున్నాను."

లుసియానె చాప మీది చెయ్యి వెనక్కి తీసుకుంది. సిగ్గుతో ఆమెకు మరదలి వైపు చూడబుద్ధి కాలేదు.

"నన్ను కూర్చోబెట్టడానికి ప్రాణం మీదికి తెచ్చుకున్నావా? అలాంటిదాన్ని పట్టుకుని ఈ నోటితోనే బద్ధకస్తురాలివన్నాను." కళ్ళు తుడుచుకుంది. "ఈ ఇంట్లో నా మాటకు ఎదురు లేదు కదా, విను. ఈ చాప ఇక ముట్టుకోవద్దు. పెళ్ళిలో మీ వంటింటి పాత చాప మీద కూర్చుంటాను. అడిగినవాళ్ళకు నా తప్పు నేనే చెప్పుకుంటాను. పద క్లినిక్‌కి, నేనూ వస్తాను. ఇంతకీ జబ్బు ఏ వైపు వచ్చింది?"

లోసలీన్ గుమ్మం వైపు చూసింది.

"ఎడమ రొమ్ము అక్కా."

గుమ్మంలో మాకా నిలబడి ఉన్నాడు. తల వంచుకునే ఉన్నాడు. "మొత్తం తీసేశారు. అప్పుడే చెప్పాల్సింది. నోరు రాలేదు. నా మర్యాద కోసం దీన్ని నీచేత మాటలు పడనిచ్చాను."

అత్త కసురుతుందేమోనని సెలా బెదిరిపోయింది. లుసియానె కాస్త పక్కకు జరిగి, తన పక్కన చోటు చూపించింది.

"రా, కూర్చో," అంది.

పసితనం దాటాక ఆ అక్కాతమ్ముళ్ళు పక్కపక్కన కూర్చుని ఏడవడం అదే మొదటిసారి.