పక్క సీటు

పాత నూలుమిల్లు వెనక షెడ్ల సందు ఉంది చూశారూ... చీకటి పడ్డాక ఆ సందులో అడుగుపెట్టే మొనగాడు ఈ పేటలో లేడు. బస్టాండుకి అదే దగ్గర దారి. అయినా సరే, కాళ్ళు పీకేలా చుట్టూ తిరిగే వెళతారు.

అంతా ఆ వరసలో చివరి షెడ్డు వల్ల.

షట్టరుకి బయట తాళం వేసే ఉంటుంది. లోపల మాత్రం, రాత్రయితే, వెలుగు. బల్బు వెలుగు కాదు. కారు హెడ్‌లైట్ల వెలుగు, షట్టరు కిందనుంచి పచ్చగా నేలమీదకి పాకుతుంది. ఇంజను చప్పుడు ఉండదు. గేరు పడ్డ చప్పుడు ఉంటుంది. కటక్... కాసేపాగి, మళ్ళీ కటక్.

ఆ తర్వాత ఒక ఆడగొంతు.

పాల వ్యాను నడిపే అతను చెవులారా విన్నాడు. "రైల్వే గేటు పడింది. ఆగుదాం," అందట. చుట్టుపక్కల ఎక్కడా రైలుకట్టే లేదు! వ్యాను అక్కడే వదిలేసి పరిగెత్తాడు. పాలు విరిగిపోయినా వెనక్కి రాలేదు.

నాకు దెయ్యాలంటే భయం లేదండీ. పొద్దస్తమానం స్పేరు పార్టుల కొట్లో కూర్చుని మగాళ్ళతో బేరాలాడేదాన్ని, దెయ్యం నన్నేం చేస్తుంది? కానీ ఇది మా బాబాయి చెప్పిన సంగతి. ఆయన అబద్ధాలాడడని నేననను, బ్రహ్మాండంగా ఆడతాడు. ఇది చెప్పేటప్పుడు మాత్రం ఆయన చేతిలో టీ చల్లారిపోయింది. టీ చల్లారనిచ్చే మనిషి కాదు మా బాబాయి.

ఆయన కార్లకి రంగులేసే పెయింటరు. ఆయన ప్రాణస్నేహితుడు డ్రైవింగ్ స్కూలు నడిపేవాడు. నేర్చుకునేవాళ్ళ పక్కన కూర్చుని "క్లచ్! క్లచ్!" అని అరిచీ అరిచీ ఆయనకి క్లచ్ మాస్టారనే పేరు స్థిరపడిపోయింది. మాస్టారి ఇల్లు ఆ చివరి షెడ్డుని ఆనుకునే ఉంటుంది. పెరటి తలుపు తీస్తే షెడ్డులోకే.

ఆ షెడ్డులో ఉన్నది ఒక పాతకాలం స్పోర్ట్స్ కారు. పొడుగాటి ముక్కు, గుండ్రటి కళ్ళు, నేలకి ఆనుకున్నట్టు కూర్చుంటుంది. పైకప్పు లేదు. ఉన్నవి రెండే సీట్లు. విదేశీ బండి కదా, స్టీరింగు ఎడంపక్కన. దాని మొదటి యజమాని కొత్తగా పెళ్ళైన భార్యని పక్కన కూర్చోబెట్టుకుని లారీని గుద్దాడట. అతనికి చెయ్యి విరిగింది. ఆ అమ్మాయి అక్కడికక్కడే పోయింది. ఆ తర్వాత కారుని ముట్టుకున్నవాడు లేడు. తుప్పు పట్టి, ముళ్ళపొదల్లో పడి ఉంటే, వీళ్ళిద్దరూ లాక్కొచ్చి ఏళ్ళ తరబడి బాగుచేశారు. ఇంజను పని మాస్టారిది, రంగు పని బాబాయిది. అంచేత పేటలో జనం ఏమనుకున్నారంటే, ఆ గొంతు ఆ చచ్చిపోయిన అమ్మాయిదే. కారుతో పాటే వచ్చింది.

బాగుచేసింది షికార్లకి కాదు. ఈ సముద్రం నుంచి ఆ సముద్రం దాకా, దేశాన్ని అడ్డంగా దాటేద్దామని!

ఆ ప్రయాణం కోసం వాళ్ళు వేసినన్ని ప్లాన్లు గవర్నమెంటు కూడా వేసుండదు. షెడ్డు గోడకి పెద్ద మ్యాపు. దానిమీద ఎర్ర పెన్సిలు గీత. సాయంత్రమయ్యేసరికి ఇద్దరూ దానిముందు చేరేవాళ్ళు. ఎడారి రోడ్డు మీద రేడియేటరు మరిగితే నీళ్ళెక్కడ? కొండ దిగేటప్పుడు సెకండు గేరా, థర్డా? క్లచ్ కేబుళ్ళు ఎన్ని పెట్టుకోవాలి? వానొస్తే కప్పేదేమిటి? ఒక ఏడు కార్బురేటరు మొరాయించింది, ఒక ఏడు లైసెన్సు పరీక్షలు అడ్డొచ్చాయి, ఒక ఏడు వానలు. ఏడాదికేడాది గీత మీద గీత పడి మ్యాపు ఎర్రబడిపోయింది గానీ కారు మాత్రం సందు దాటలేదు.

మాస్టారి భార్య వీళ్ళకి టీలు మోసేది. నెమ్మదైన మనిషి. ఆవిడా ఆ మ్యాపు చూసేది. గ్లాసులు పెట్టి వెంటనే వెళ్ళిపోయేది కాదు, కాసేపు నిలబడేది. ఏ మలుపు తర్వాత ఏ వంతెన వస్తుందో ఆవిడకీ కంఠతా వచ్చేసింది. ఒకసారి తనకీ కారు నేర్పమని అడిగిందట. పేట మొత్తానికి డ్రైవింగ్ నేర్పిన పెద్దమనిషి ఏమన్నాడో తెలుసా? "ఇంట్లో ఒక డ్రైవరు చాలు." పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు కదా, ఇక్కడ చెట్టుకే మందివ్వలేదు.

ఎట్టకేలకు తేదీ ఖాయమైంది. ఆ సాయంత్రం ఆవిడ టీలు పెట్టి, మెల్లగా అడిగింది.

"ఏవండీ, ఫ్లాస్కు కొనాలనుకుంటున్నా. పెద్దది ఒకటి సరిపోతుందా? ఇద్దరమేగా."

మాస్టారు మ్యాపు మీంచి తల కూడా ఎత్తలేదు.

"ఆఁ, ఇద్దరమే. నేనూ, వీడూ."

బాబాయి నవ్వాడు. ఎందుకు నవ్వావయ్యా అని నేనడిగితే, "ఏమోనే, నవ్వొచ్చింది," అన్నాడు. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అని ఊరికే అన్నారా? ఇక్కడ తోడికోడలు మా బాబాయి, సిగ్గులేని మనిషి! ఆవిడ ఖాళీ గ్లాసులు తీసుకుని ఇంట్లోకి వెళ్ళిపోయింది.

బయల్దేరడానికి ముందు వారంలోనే మాస్టారికి పక్షవాతం వచ్చింది. కుడిపక్క మొత్తం పడిపోయింది, మాట పోయింది. మొదట్లో జనం పళ్ళూ ఫలాలూ పట్టుకుని వరస కట్టారు. తర్వాత పలచబడ్డారు. బాబాయి కూడా అంతే. "వాణ్ణలా చూడలేనే," అనేవాడు. చూడలేనంటే ఏమిటి? చూడ్డానికి వెళ్ళలేదని అర్థం.

సరిగ్గా ఆ తర్వాతే షెడ్డులో వెలుగు మొదలైంది.

బాబాయి మాత్రం నమ్మలేదు. ఆయన బాధ వేరు. ఏళ్ళ తరబడి పీల్చిన రంగు ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది. నాలుగు మెట్లెక్కితే పిల్లికూతలే. డాక్టరు ఇక రంగు ముట్టుకోవద్దన్నాడు. ఇప్పుడు వెళ్ళకపోతే ఆ సముద్రం ఇక చూడనని ఆయనకి తెలిసిపోయింది. మాస్టారు లేకపోతే ఒంటరిగానే పోదామనుకున్నాడు. కారు కోసం ఆవిణ్ణి అడిగితే, "కారు ఖాళీ లేదు అన్నయ్యగారూ," అందట. తాళం వేసిన కారు ఖాళీ లేకపోవడమేమిటి? మతి చలించిందేమోనని ఊరుకున్నాడు.

ఊరుకుంటే మా బాబాయి ఎందుకవుతాడు? షట్టరు తాళంచెవి ఒకటి ఆయన దగ్గరా ఉంది. ఒక రాత్రి, పేట సద్దుమణిగాక, సంచీ సర్దుకుని బయల్దేరాడు. తెల్లారేసరికి ఊరు దాటేద్దామని.

సందులో దీపం లేదు. ఒక కుక్క సందు మొదలు దాకా వెంట వచ్చి, అక్కడే ఆగిపోయింది. ఎంత పిలిచినా రాలేదు.

నడిచాడు. మొదటి షెడ్డు... రెండోది... చివరి షెడ్డు ముందు నేలమీద పచ్చగా వెలుగు.

కటక్.

బాబాయి ఉన్నచోటే ఆగిపోయాడు.

"ముందు లారీ ఉంది," అంది ఆడగొంతు. లోగొంతుకతో, పక్కవాళ్ళకి చెబుతున్నట్టు. "భయపడకండి. దాటేస్తా."

లారీ! బాబాయికి ఆ చచ్చిపోయిన కొత్త పెళ్ళికూతురు గుర్తొచ్చింది. సంచీ గుండెకి హత్తుకుని గోడకి అతుక్కుపోయాడు.

"నిద్రపోకండి. ఇంకా చాలా దూరం ఉంది..."

దానికి జవాబుగా ఇంకో గొంతు. మాట కాదు. మూలుగు.

తాళం ఎలా తీశాడో ఆయనకే తెలియదు. షట్టరు జానెడు ఎత్తి, నేలమీద బోర్లా పడుకుని చూశాడు. ముందు హెడ్‌లైట్లు కళ్ళల్లో కొట్టాయి. చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. మెల్లగా ఆకారాలు తేలాయి.

స్టీరింగు ముందు ఒక ఆడమనిషి. జుట్టు విరబోసుకుని, రెండు చేతులతో చక్రాన్ని అటూ ఇటూ తిప్పుతోంది.

పక్క సీట్లో... శవం.

మెడ నిలబడకపోతే తువ్వాలుతో నుదుటిమీంచి సీటుకి కట్టేసి ఉంది. నోరు ఓ పక్కకి జారిపోయింది. బాబాయి దేవుణ్ణి తలుచుకుందామంటే ఏ దేవుడి పేరూ నోటికి రాలేదట.

అప్పుడు శవం కళ్ళు తిప్పింది. నేరుగా బాబాయి వైపు.

ఆ కళ్ళని ఆయన గుర్తుపట్టాడు. క్లచ్ మాస్టారి కళ్ళు!

"ఎవరదీ?" అంది స్టీరింగు ముందు మనిషి. మాస్టారి భార్యే. దెయ్యం లేదు, పెళ్ళికూతురు లేదు, ఏమీ లేదు.

బాబాయి షట్టరు పైకెత్తి లోపలికి వెళ్ళాడు. పెరటి తలుపు దగ్గర చక్రాలకుర్చీ ఉంది. బ్యాటరీ పక్కన ఛార్జరు ఉంది. భయం పోయి కోపం వచ్చింది ఆయనకి.

"చెల్లెమ్మా! ఏమిటిది? ఏం చేస్తున్నావ్?"

"తీసుకెళుతున్నా అన్నయ్యగారూ. ఆయన కోరికేగా."

"రోజూనా?"

"రోజూ కొంత. నిన్న నది దాకా వచ్చాం. ఇవాళ ఘాట్ రోడ్డు."

ఆవిడ గొంతులో వెటకారం లేదు, పిచ్చీ లేదు. కూరగాయలు తెచ్చానని చెప్పినట్టు చెప్పింది. మాస్టారి చెంపమీద నీళ్ళు కారుతున్నాయి. చంటిపిల్లాడికి తుడిచినట్టు తన కొంగుతో తుడిచి, మళ్ళీ స్టీరింగు పట్టుకుంది.

బాబాయి మెత్తబడ్డాడు. "నేను నీకు నిజంగానే నేర్పిస్తానమ్మా. ఇంజను బానే ఉందిగా. ముగ్గురికి చోటు లేకపోతే నేను మానేస్తా. మీ ఇద్దరే వెళ్ళి రండి."

"ఇంజను బాగానే ఉంది," అందావిడ. "రోడ్డెక్కితే ఎక్కడో ఒకచోటికి చేరతాం కదా. చేరాక ఆయన దిగాలని చూస్తారు. ఎవరో ఒకరు సాయం పట్టి దించుతారు. ఆయన ఇష్టం ఆయనది, నా చోటు నాది అయిపోతుంది మళ్ళీ. ఇన్నేళ్ళకి పక్కన కూర్చున్నారు అన్నయ్యగారూ. ఇప్పుడప్పుడే దిగనివ్వను."

బాబాయికి అప్పుడు కనిపించింది. మాస్టారి ఎడంచెయ్యి, ఆ ఒంట్లో ఇంకా బతికున్న ఆ ఒక్క చెయ్యీ, ఒళ్ళోంచి మెల్లగా కుడిపక్కకి పాకుతోంది. బాబాయి నిలబడ్డ వైపుకి, తలుపు వైపుకి. వేళ్ళు పిడిని అందుకున్నాయి గానీ తిప్పే బలం లేదు. కళ్ళు మాత్రం బాబాయి మీదే ఉన్నాయి. ఎన్ని వేల మందికి "ఆపు, ఆపు" అని చెప్పిన కళ్ళో!

బాబాయి ఒక్క అడుగు ముందుకేశాడు.

ఆవిడ అడ్డుకోలేదు. చక్రం మీద చేతులు కూడా కదపలేదు.

"తీయండి అన్నయ్యగారూ. తలుపు మీ వైపే ఉంది. తీసి, మీ ఇంటికి తీసుకెళ్ళండి." గొంతు ఏమాత్రం పెరగలేదు. "తెల్లారగానే పక్క మార్చాలి. ఒళ్ళు తుడవాలి. పుండ్లు పడకుండా అటూ ఇటూ తిప్పుతూ ఉండాలి. రాత్రి దగ్గొస్తే లేపి కూర్చోబెట్టాలి, లేకపోతే ఊపిరాడదు. ప్రయాణానికి ఆయన మిమ్మల్నేగా ఎంచుకున్నది. తీసుకెళ్ళండి. నేను ఒక్క మాట అంటే ఒట్టు."

బ్యాటరీ నీరసించి హెడ్‌లైట్లు ఎర్రబడుతున్నాయి.

ఎంతసేపు నిలబడ్డావు బాబాయ్, అని అడిగాను నేను. తలుపు పిడి ఆయన చేతికి అందే దూరంలోనే ఉందట. ప్రాణస్నేహితుడి వేళ్ళు దానిమీద వణుకుతున్నాయట. ఆ వణుకు ఇప్పటికీ కళ్ళముందు ఆడుతోందట.

బాబాయి సంచీ భుజానికి తగిలించుకున్నాడు. వెనక్కి నడిచాడు. షట్టరు కిందికి దించాడు. చప్పుడు కాకుండా, మెల్లగా. తాళం వేశాడు.

లోపలినుంచి ఆవిడ మాట వినిపించింది.

"ఎవరూ లేరండీ. ఎవరో దారి తప్పిన మనిషి. వెళ్ళిపోయాడు."

కటక్.

పొద్దున్న టీకొట్టు దగ్గర జనం బాబాయి చుట్టూ మూగారు. రాత్రి ఈయన సందులోకి వెళ్ళడం ఎవడో చూశాడు. పాలవ్యాను అతను కూడా అక్కడే ఉన్నాడు. పాపం, నలుగురం కలిసి వెళ్ళి ఆ తలుపులేవో బద్దలుకొట్టి చూద్దామా అని ఊగుతున్నాడు.

"నిజం చెప్పు. ఉందా దెయ్యం?"

బాబాయి టీ గ్లాసు అందుకున్నాడు. తాగలేదు.

"ఉంది," అన్నాడు. "ఎవరూ అటు వెళ్ళకండి."