చుక్క ఆగిన ఇల్లు

చుక్క కదులుతోంది...

ఫోన్ తెర మీద ఆవగింజంత ఎర్ర చుక్క. నిమిషానికోసారి బీప్ అంటుంది. అన్నప్పుడల్లా కాస్త ఉత్తరానికి జరుగుతుంది.

"ఇంకా స్పీడుగా పోనీ" అంటుంది నెరెయిదా.

మరిది తార్కినో యాక్సిలరేటర్ తొక్కుతాడు. పాత పికప్ బండి ఒళ్లంతా వణుకుతుంది. ఎడమ పక్కన పసిఫిక్ సముద్రం, నాలుగున్నర ఎండకి కళ్లు చెదిరేలా మెరుస్తోంది.

ఆ చుక్క ఒక బోటు ఇంజను.

గంట క్రితం దాకా అది సిరిలో అనే జాలరి బోటుకి ఉండేది. ముసుగులేసుకున్న ముగ్గురు తుపాకులు చూపించి, ఇంజను ఊడదీసుకుని, అతన్ని నడిసముద్రంలో వదిలేసి పోయారు. సిరిలో బతికాడు. వేరే బోటువాళ్లు తాడు కట్టి ఒడ్డుకి లాక్కొచ్చారు.

ఏడు నెలల క్రితం ఎవరిస్తో బతకలేదు.

ఎవరిస్తో నెరెయిదా మొగుడు. తార్కినోకి అన్న. ఇంజను ఇవ్వనన్నందుకు కాదు, ఇచ్చేశాకే కాల్చారు! రెండో రోజు ఎవరి వలలోనో దొరికాడు. పోలీసులొచ్చి ఓ కాగితం రాసుకెళ్లారు. అంతే.

నెరెయిదా ఏడవలేదు. వంటింటి బల్ల మీద సోల్డరింగ్ ఐరన్ వేడి చేసింది.

ఇరవై ఏళ్లుగా జాలర్ల రేడియోలు బాగుచేసే చెయ్యి అది. హామ్ రేడియో లైసెన్సు కూడా ఉంది. సంతలో దొరికే చౌకరకం చేతి రేడియో విప్పింది. దానికి గోరంత జీపీఎస్ చిప్పు, పాత ఫోన్ బ్యాటరీ తగిలించింది. అంతా కలిపి వెన్న డబ్బాలో పెట్టి, మూత చుట్టూ సిలికాన్ గమ్ము పూసింది. మొదటి మూడూ ఉప్పునీళ్లకి చచ్చాయి. నాలుగోది ఇంజను వేడికి కరిగింది. ఐదోది బతికింది.

అలాంటివి పదకొండు చేసింది. పదకొండు ఇంజన్ల పై మూతల కింద దాచింది. ఆ బోట్లవాళ్లకి తప్ప ఊళ్లో ఎవరికీ తెలియదు. కొండ మీద రేడియో క్లబ్బువాళ్లు పెట్టిన రిపీటరు ఆ బీపుల్ని పట్టుకుని తీరమంతా పంచుతుంది.

బీప్!

చుక్క సముద్రం వదిలి ఏటిపాయలోకి దూరింది. రొయ్యల చెరువుల మధ్య ఆగింది.

మరుక్షణం... మాయం.

"పోయిందేంటి వదినా?"

"రేకుల షెడ్డులో పెట్టుంటారు. రేకు కిందనుంచి సిగ్నల్ రాదు."

ఒళ్లో ఉన్న యాంటెన్నా తీస్తుంది. ప్లాస్టిక్ పైపుకి కొలత టేపు ముక్కలు బిగించి తనే చేసుకుంది. కిటికీలోంచి బయటికి పెట్టి అటూ ఇటూ తిప్పుతుంది.

ఉత్త హోరు.

దొరికితే వాళ్లని ఏం చేయాలో తార్కినోకి బాగా తెలుసు. సీటు కింద కత్తి పెట్టుకునే వచ్చాడు. నెరెయిదా తల అడ్డంగా ఊపుతుంది.

"నాకు ముందు పేర్లు కావాలి. ఆ పేర్లు తీరమంతా వినాలి. తర్వాత మీ ఇష్టం."

పది నిమిషాలు...

బీప్!

చుక్క రోడ్డు మీద ఉంది! గంటకి ఎనభై కిలోమీటర్లు. దక్షిణానికి. సరిగ్గా వీళ్లకి ఎదురుగా!

అరటి గెలల లారీ దాటిపోతుంది. తర్వాత బస్సు. తర్వాత తెల్ల ఐసు వ్యాను. లోపల ఐసు ఫ్యాక్టరీ ఫావియో. ఎప్పట్లాగే హారన్ కొట్టి చెయ్యి ఊపుతాడు. ఎప్పట్లాగే తార్కినో కూడా ఊపుతాడు.

బీప్.

చుక్క ఇప్పుడు వీళ్ల వెనక ఉంది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. వేటకెళ్లే ప్రతి బోటూ ముందు ఫావియో దగ్గర ఐసు ఎక్కించుకుంటుంది. ఏ బోటు ఎప్పుడెళ్తుందో, ఎంత దూరమెళ్తుందో, ఎన్ని రోజులుంటుందో అతనికి తెలియంది లేదు. ఎవరిస్తో శవం మీద తెల్లపూల దండ వేసింది కూడా అతనే.

తార్కినో బండిని రోడ్డు మధ్యలోనే వెనక్కి తిప్పుతాడు.

బీప్. చుక్క వీళ్ల ఊళ్లోకి వచ్చింది.

బీప్. వీళ్ల వీధి.

బీప్... ఆగింది.

నెరెయిదా ఇంటి ముందు!

"అమ్మ ఒక్కతే ఉంది" అంటాడు తార్కినో. "అది పెట్టింది నువ్వని వాడికెలా తెలుసు?"

"డబ్బా మీద నా కాల్‌సైన్ రాశాను, నా రేడియో లైసెన్సు గుర్తు. తమని పట్టుకుంది ఎవరో వాళ్లకి తెలియాలని."

వాళ్లు తనకన్నా ముందే ఇంటికి చేరతారని మాత్రం అనుకోలేదు.

* * *

వీధి మొదట్లోనే ఆమె దిగిపోతుంది. ఒడ్డున లాగిపెట్టిన బోట్ల దగ్గరికి తార్కినోని పంపుతుంది. అందరి రేడియోలూ ఫుల్ సౌండులో పెట్టించమంటుంది. నడుముకున్న చేతి రేడియోని బోట్ల ఛానెల్‌కి తిప్పి, మాట్లాడే బటన్ నొక్కిపట్టి, ఆ చేతిని వెనక్కి పెట్టుకుని లోపలికి నడుస్తుంది.

వంటింట్లో ఫావియో తింటున్నాడు.

అత్తగారు ఒబ్దులియా వడ్డిస్తోంది. వేరుశనగ చేపల పులుసు, పచ్చి అరటికాయ ముక్కలు. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. చెవుడు. కొడుక్కి దండ వేసిన మనిషి ఇంటికొచ్చాడని కుర్చీ వేసి కూర్చోబెట్టింది.

పళ్లెం పక్కన, ఇంజన్లోంచి పీకిన వెన్న డబ్బా. డబ్బా పక్కన రివాల్వరు.

"రా చెల్లెమ్మా" అంటాడు ఫావియో. "నీ చేతిలో మంచి పనితనం ఉంది. ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయి? ఏయే ఇంజన్లలో?"

"చెప్తే?"

"నీ జోలికీ రాను, పెద్దమ్మ జోలికీ రాను."

"ఎవరిస్తో ఇంజను ఇచ్చేశాడు కదా అన్నా. ఎందుకు చంపావు?"

ఫావియో ముసలావిడ వైపు చూస్తాడు. ఆవిడ నవ్వుతూ ఇంకో గరిటె పోస్తుంది. ఆ చెవులకి ఏమీ అందదని అతనికి తెలుసు. గొంతు తగ్గిస్తాడు.

"గాలికి నా ముసుగు జారింది. నా మొహం చూసి 'ఫావియో అన్నా, నువ్వా' అన్నాడు. పేరు పెట్టి పిలవకుండా ఉండాల్సింది."

ఉండాల్సింది...

ఆ మాట బయట కూడా వినపడింది.

ఫావియో నమలడం ఆపేస్తాడు.

"ఏంటది?"

*ఏంటది* అంటుంది సముద్రపు ఒడ్డు. నలభై బోట్లు, నలభై రేడియోలు, ఒకే గొంతు. అతని గొంతు!

నెరెయిదా వెనక్కి పెట్టుకున్న చేతిని ముందుకి తెస్తుంది. బొటనవేలు ఇంకా బటన్ మీదే ఉంది.

ఫావియో చెయ్యి రివాల్వర్ మీదికి దూకుతుంది. చేతికి ఉత్త బల్ల తగులుతుంది.

పులుసు గిన్నెతో పాటు రివాల్వర్‌ని కూడా తీసేసింది ఒబ్దులియా. ఆవిడ చెవులకి గుసగుసలు అందవు. నలభై రేడియోలు అందాయి.

రెండు చేతులతో పట్టుకుంది. గురి తప్పిపోయేంత దూరంలో లేడు ఫావియో.

"అత్తా, వద్దు" అని గట్టిగా అంటుంది నెరెయిదా. "వీడు బతకాలి. మిగతా ఇద్దరి పేర్లు చెప్పాలి."

"చెప్పించు మరి."

ఫావియో కుర్చీకి అతుక్కుపోయాడు. రివాల్వర్ గొట్టం వైపు చూస్తాడు, తలుపు వైపు చూస్తాడు. తలుపు దగ్గర తార్కినో. అతని వెనక సిరిలో, ఇంకా తడి ఆరని బట్టలతో. వాళ్ల వెనక, సముద్రం మొగుళ్లని మింగిందని ఇన్నాళ్లూ అనుకున్న ముగ్గురు ఆడవాళ్లు.

"అనిసెతో..." అంటాడు. "రొయ్యల చెరువు కాపలావాడు అనిసెతో. వాడి బావమరిది హెర్మెల్. ఇద్దరూ షెడ్డులోనే ఉన్నారు. పెద్దమ్మా, చెప్పేశాను కదా!"

"విన్నాన్రా నాయనా" అంటుంది ఒబ్దులియా.

ఢాం!

వంటింట్లో ఒకసారి. ఒడ్డు మీద నలభైసార్లు.

నెరెయిదా బొటనవేలు తిమ్మిరెక్కింది. మెల్లగా బటన్ వదులుతుంది. చేతిలో రేడియో హోరు పెడుతుంది. ఊరంతా విన్నది... ముసలావిడ ఫావియోని కాల్చడానికి కూడా ఊరంతా సాక్షి!

ముందుగా సిరిలో కదులుతాడు. గుమ్మంలోంచి లోపలికొచ్చి, ఒబ్దులియా వేళ్లని ఒక్కొక్కటే విప్పి, రివాల్వర్ తీసుకుంటాడు. తర్వాత నెరెయిదా చేతిలోని రేడియో అందుకుంటాడు.

"సిరిలో మాట్లాడుతున్నా. గంట నుంచి నా రేడియో పనిచేయట్లేదు. నాకేమీ వినపళ్లేదు."

హోరు.

"నాకూ వినపళ్లేదు" అంటుంది ఇంకో బోటు.

"మా దగ్గర బ్యాటరీ అయిపోయింది."

"మాకూ అంతే."

ఒకటి తర్వాత ఒకటి, నలభై బోట్లూ.

ఒబ్దులియా కుర్చీలో కూలబడుతుంది. నెరెయిదా ఆవిడ భుజం పట్టుకుంటుంది.

బయట ఇంజన్లు ఒక్కొక్కటే స్టార్టవుతున్నాయి. బోట్ల ముక్కులు ఉత్తరానికి తిరుగుతున్నాయి... రొయ్యల చెరువుల వైపు.