దీవికి దూరం

లిస్బన్‌లో లేచిన విమానం అప్పుడే హెల్సింకి రాడార్ మీద కనిపించేసరికి కంట్రోల్ రూంలో అందరూ కుర్చీల్లోంచి లేచి నిలబడ్డారు.

ఆ రెండు నగరాల మధ్య మూడువేల మూడువందల కిలోమీటర్ల పైమాటే. విమానంలో నాలుగున్నర గంటలు దాటుతుంది. డాక్టర్ శశిరేఖ తయారుచేసిన ‘ఫోల్డర్’ అనే యంత్రం ఆ మధ్యనున్న ఆకాశాన్ని చీర కుచ్చిళ్ళలా మడిచి పట్టుకుంటుంది. విమానం మడతల అంచుల మీదుగా దాటేస్తుంది. పది నిమిషాల ప్రయాణమే కదా అని ఇంధనం కూడా కొంచెమే నింపారు.

అందులో ఆమె భర్త గిరిధర్ ఉన్నాడు. లిస్బన్‌లో ఓడల ఇంజనీరు. ఏళ్ళ తరబడి నెలకోసారి వచ్చిపోయే కాపురం వాళ్ళది. శశిరేఖ ఈ పరిశోధన మొదలుపెట్టిందే అందుకు. నాన్నకి ఎదురెళ్ళాలని కూతురు మహిత బడి నుంచే ఫెర్రీ ఎక్కింది. ఆ బడి హెల్సింకి హార్బరుకి ఎదురుగా, కంట్రోల్ రూం కిటికీలోంచి కనిపించే చిన్న దీవిలో ఉంది.

ఫెర్రీ కెప్టెన్ ఐనో రేడియోలో పిలిచింది. ముందు ఒడ్డు లేదని, వెనక దీవీ లేదని చెప్పింది. గొంతు తెగి తెగి వినిపిస్తోంది. శశిరేఖ కిటికీ దగ్గరికి పరుగెత్తింది. దీవి ఉండాల్సిన చోట ఆకాశం దాకా నీళ్ళే.

అప్పుడు ఆమెకి అర్థమైంది. ఆకాశంలోంచి తీసిన దూరం మాయం కాలేదు. హార్బరుకీ దీవికీ మధ్య వచ్చి పడింది.

“ఆపేయమంటారా?” సహాయకుడు ఎయెరో అడిగాడు.

“ఇప్పుడు ఆపితే విమానం ఏ సముద్రం మీద తేలుతుందో తెలీదు. అందులో అంత ఇంధనం లేదు.”

రేడియోలో మహిత గొంతు వచ్చింది. “అమ్మా, నాన్న దిగాడా?”

“దిగుతున్నాడు. నువ్వు కెప్టెన్ గారి పక్కనే కూర్చో తల్లీ.”

అలలు పెద్దవవుతున్నాయని ఐనో మెల్లగా చెప్పింది. ఆ పడవ నడిసముద్రం కోసం కట్టింది కాదు. ఫోల్డర్‌ని ఆపే స్విచ్ మీద చెయ్యి పెట్టి శశిరేఖ రాడార్ మీది చుక్కనే చూస్తూ నిలబడింది. చక్రాలు రన్‌వేని తాకగానే నొక్కేసింది. దీవి తిరిగొచ్చింది. దాని ముందు, ఒక పక్కకి ఒరిగిపోయి, ఫెర్రీ.

సాయంత్రం వణుకుతున్న కూతుర్ని చెరోవైపూ పట్టుకుని భార్యాభర్తలు ఎయిర్‌పోర్టుకి వచ్చారు. ఫోల్డర్‌ని ఇక వాడేది లేదని, లిస్బన్ వెళ్ళే తర్వాతి విమానం కోసం వరసలో నిలబడ్డ ప్రయాణికులకి తనే చెబుతానంది శశిరేఖ. ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో దాచకుండా చెప్పింది. అందరూ శ్రద్ధగా విన్నారు. కొందరు మహితని చూసి కళ్ళు తుడుచుకున్నారు.

వరసలో ముందున్న పెద్దాయన టోపీ తీసి దగ్గరికొచ్చాడు.

“మా అమ్మాయి లిస్బన్‌లో ఉందమ్మా. నడవలేని మనిషి. నేను చూసి మూడేళ్ళయింది,” అన్నాడు మర్యాదగా. “ఆ దీవిలో నాకెవరూ లేరు. ఫోల్డర్ మళ్ళీ ఎప్పుడు వేస్తారు?”

శశిరేఖ ఆయన వెనక్కి చూసింది. వరసలోంచి ఒక్కరూ కదల్లేదు.