హాజరు లేదు

ఆ గురువారం వార్డు ఆఫీసు గుమాస్తాగా నేను చేయాల్సిన పనులు ఇవి. హాల్లో అరవై కుర్చీలు వేయించాలి. మైకు సరిచూడాలి. వార్డు ఆస్పత్రిని రైలు పట్టాల అవతలికి మార్చడంపై జనం ఏమంటారో వినాలి. విన్నది మినిట్స్ పుస్తకంలో ఎక్కించాలి. సాయంత్రంలోగా పై ఆఫీసుకు పంపాలి.

అన్నీ చేశాను. మా ఇంట్లో డిగ్రీ కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేను. చెప్పిన పని చెప్పినట్టు చేయడమే నాకు తెలిసిన మర్యాద.

సభ పదకొండు గంటలకు. పనులకు పోయే జనం ఆ వేళకు ఎలా వస్తారు? వచ్చింది ఒక్కరే, రిటైరైన బస్సు డ్రైవరు.

"ఆస్పత్రి మార్చొద్దు బాబూ. నాలాంటి ఆయాసం మనిషి ఆ వంతెన మెట్లు ఎక్కలేడు," అన్నారు.

శ్రద్ధగా విన్నాను. కానీ పదిమంది లేకపోతే సభ జరగనట్టేనని మా సూపరింటెండెంటు మాట. "హాజరు లేదు, అభ్యంతరం లేదు" అని గుండ్రటి అక్షరాలతో రాశాను.

ఆస్పత్రి మారిపోయింది.

రెండు నెలల తర్వాత, ముసురు పట్టిన రోజున, ఒకమ్మాయి గొడుగు మడిచి నా టేబుల్ ముందు నిలబడింది. కళ్ళద్దాల షాపులో లెన్సులు బిగించే అమ్మాయి. మినిట్స్ చూపించమంది. ఎవరడిగినా చూపించాలని రూలుంది. అడిగిన మొదటి మనిషి ఆమే.

చదివి, నా కళ్ళజోడు వైపు చూసింది.

"పవర్ ఎంత?"

"మైనస్ రెండు."

"సరిపోవట్లేదు. ఎదురుగా కూర్చున్న మా నాన్న మీకు కనిపించలేదు."

నవ్వబోయాను. ఆమె నవ్వలేదు.

"పదిమంది లేకపోతే సభ లేనట్టేనండీ."

"సభే లేకపోతే, అభ్యంతరం లేదని మీకెవరు చెప్పారు?"

"నాన్నగారిని తీసుకురండి. మళ్ళీ రాసుకుంటాను."

"ఆ వంతెన మెట్ల మీదే కూలబడ్డారు. పోయి ఇవాళ్టికి పంతొమ్మిది రోజులు."

ఆమె వెళ్ళిపోయాక పుస్తకం తెరిచి, నేను రాసింది తప్పని కిందే రాసి సంతకం పెట్టాను. ఆదివారం మళ్ళీ సభ పెడతానన్నాను.

"నీ గొయ్యి నువ్వే తవ్వుకుంటున్నావురా," అన్నాడు సూపరింటెండెంటు. సంజాయిషీ అడుగుతూ మెమో చేతికిచ్చాడు.

నోటీసులు ఆఫీసు గోడకి కాకుండా షాపులకి అతికించాను. మూడో షాపు దగ్గర ఆమె ఎదురైంది.

"అక్షరాలు చీమల్లా ఉన్నాయి. ఎవరు చదవాలని?"

"మీరు రాసిపెట్టండి మరి."

రాసింది. వాన మొదలైతే గొడుగు నోటీసుల మీద పట్టింది. ఇద్దరం తడిశాం.

ఆదివారం డెబ్భై మంది వచ్చారు. ఒక్కొక్కరి మాటా రాసి, "ఇలాగేనా అన్నారు?" అని చదివి వినిపించాను. ఒక ముసలమ్మ నాలుగుసార్లు దిద్దించింది. ఆస్పత్రి వెనక్కి రావాలన్న తీర్మానం పై ఆఫీసుకు వెళ్ళింది. ఇంకా అక్కడే ఉంది.

ఆ సాయంత్రం ఆమె అంది. "మిమ్మల్ని చూస్తే కోపం వస్తుంది. చూడకపోతే ఇంకా వస్తుంది. ఏం చేయమంటారు?"

"నాకు మీరంటే ఇష్టం. అడిగే అర్హత లేదు," అన్నాను.

"అది మా అమ్మ చెప్పాలి."

వెళ్ళి, వాళ్ళమ్మగారికి నేను చేసింది దాచకుండా చెప్పాను.

"ఆ రోజు ఇంటికొచ్చి ఆయన ఏమన్నారో తెలుసా బాబూ? కుర్రాడు బుద్ధిమంతుడు, నా మాట రాసుకున్నాడు అన్నారు. అదే నమ్మకంతో పోయారు." కళ్ళు తుడుచుకుంది. "దాన్ని ఏడిపించకు. ఆయన మాట అబద్ధం చేయకు."

మాకు పెళ్ళయింది. ఆస్పత్రి రాలేదు. ప్రతి నెలా ఇద్దరం వెళ్ళి ఆ తీర్మానం సంగతి అడిగి వస్తున్నాం.

ఇది చదివిన మీకు ఒక మనవి. మీ వీధిలో ఎవరైనా అభిప్రాయం చెప్పమని పిలిస్తే, నా ఒక్కడి మాటకేముందిలే అనిపిస్తే, ఆయాసపడుతూ ఒక్కరే వచ్చిన ఆ బస్సు డ్రైవరును గుర్తుచేసుకోండి.