లంకలో విడిది

"నేను రానండీ! మీరూ, అత్తయ్యగారూ, పిల్లా వెళ్ళి రండి. నేను రాయపూర్లోనే ఉంటాను!"

బంగారమ్మ ఆ మాట అన్న తీరుకి సూరిబాబు నోటి దగ్గరకి వెళ్తున్న ముద్ద మధ్యదారిలో ఆగిపోయింది. గూడ్సు బండి గార్డుగా పనిచేస్తున్న మనిషి ఆయన. దారిలో బండి ఆగిపోతే ఏం చెయ్యాలో ఆయనకి కంఠతా వచ్చు. పెళ్ళాం ఆగిపోతే ఏం చెయ్యాలో మాత్రం రైల్వేవారు ఎక్కడా నేర్పలేదు!

పదేళ్ళ కాపురంలో ఆవిడ 'రాను' అనడం అదే మొదలు. అదైనా ఎక్కడికి? పుట్టిన ఊరికి! గోదావరి రెండుపాయలుగా చీలి, చుట్టూ తిరిగి, మళ్ళీ కలుసుకునే చోట, అరటితోటలతో, తెల్లటి ఇసుక తిన్నెలతో, పొద్దు వాలే వేళకి నీళ్ళన్నీ కుంకుమ కలిపినట్టు మెరిసే వెదుళ్ళలంకకి! ఏటా వచ్చే రైల్వే పాసు ఏటా విజయనగరంలో ఎవరిదో ఒకరి పెళ్ళికి ఖర్చయిపోయేది. ఈ వేసవికి సూరిబాబుకి ఒక గొప్ప ఊహ వచ్చింది. "మా ఆఫీసర్లు హవా మారడానికి పచ్‌మఢీ కొండలకి వెళ్తారు. మనం గోదారి లంకకి వెళ్దాం. మనమేం తక్కువ!" అన్నాడు. ఆ మాట విన్నాక బంగారమ్మ కాళ్ళు వారం రోజులపాటు నేలమీద ఆనలేదు. చారులో రెండుసార్లు ఉప్పు పడింది, ఒకసారి అసలు పడనేలేదు. అయినా ఇంట్లో ఎవరూ ఆవిణ్ణి ఏమీ అనలేదు...

తీరా 'అక్కడ దిగడం ఎక్కడ?' అన్న ప్రశ్న వచ్చేసరికి ఆ సంబరమంతా ఒక్కపూటలో ఆవిరైపోయింది!

"లంక కొసన కాలవలవాళ్ళ బంగళా ఉంది. మా దొరగారితో చెప్పించి రాయించాను" అన్నాడు సూరిబాబు. "వరండాలో కుర్చీ వేసుకు కూర్చుంటే ఎదురుగా గోదారి! టేబులు మీద భోజనం! వండి పెట్టడానికి మనిషి!"

"నాకా టేబుళ్ళూ అవీ ఒద్దురా. రాజమండ్రీలో సత్రంలో దిగుదాం. పడవెక్కి ఆ లంకేదో దూరంనించి సూసేసి ఒచ్చేద్దాం. బస్, ఖతమ్!" అంది సూరిబాబు తల్లి తాయారమ్మ. కొడుకు పుట్టకముందే విజయనగరం పక్కపల్లె నుంచి మొగుడి వెంట రాయపూర్ వచ్చిన మనిషి. ఆవిడ తెలుగు ఊరిదే, మధ్య మధ్య హిందీ మాత్రం ఇక్కడిది.

అక్కడే పుట్టి, అక్కడే పెరిగి, తండ్రి ఇంకా అక్కడే బతికున్న బంగారమ్మని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు!

"మీ నాన్నగారింట్లో అందరం ఎక్కడ పడతామే? ఆయనకి శ్రమ కదూ..." అన్నాడు సూరిబాబు, ముద్ద కంచంలోకి దించుతూ.

"శ్రమకేటి గానీ, మళ్ళీ ఆ విడిది నా వల్ల కాదురా నాయనా!" అంది తాయారమ్మ. "ఈసారి గొడుగు సాలదు, పడవే కావాలి!"

సూరిబాబు నవ్వాడు. ఎనిమిదేళ్ళ కూతురు గంగాభవాని కూడా తండ్రి నవ్వాడు కదా అని నవ్వింది. బంగారమ్మ నవ్వలేదు.

ఆ విడిది కథ రైల్వే కాలనీలో తెలుగు రానివాళ్ళకి కూడా వచ్చు! పెళ్ళి శ్రావణంలో జరిగింది. గోదావరి పొంగే నెలలో లంకలో పెళ్ళేమిటని బంగారమ్మ తండ్రి దానయ్య మొత్తుకున్నాడు. అబ్బాయికి సెలవు అప్పుడే దొరికిందని మగపెళ్ళివారు పట్టుబట్టారు. రైల్వే సెలవుకీ శ్రావణపు వానకీ పొంతన కుదర్చడం ఏ పురోహితుడి తరం! మగపెళ్ళివారికి విడిదిగా ఇచ్చిన తాటాకు ఇల్లు ఆ వానకి కారింది. తాయారమ్మ చెప్పేదాన్ని బట్టి అయితే కారడం కాదు, గోదావరే పైకప్పులోంచి దిగి వచ్చింది. పెద్దలందరూ గొడుగులు వేసుకుని కూర్చున్నారట. పెళ్ళికొడుకు నెత్తిమీద ఇత్తడి పళ్ళెం బోర్లించుకున్నాడట! చెప్పిన ప్రతిసారీ వాన ఇంకాస్త పెరిగేది. ఆవిడకి అది నవ్వులాట. కన్నకూతురికి మాత్రం అది తండ్రి పరువు...

"రానన్నాను కదండీ. ఇంక నన్నడక్కండి" అని బంగారమ్మ మజ్జిగ గిన్నె తెచ్చి కంచం పక్కన పెట్టింది. కళ్ళు తడవలేదు. దానయ్య కూతురు ఊరికే ఏడవదు!

"ఎందుకు రావో సెప్పు మరి! మూతి బిగించుకుంటే మాకేటి తెలుస్తాది?" అంది అత్తగారు.

ఎలా చెబుతుంది? చెప్పనని తండ్రికి మాటిచ్చింది...

గంగాభవాని పుట్టిన ఏడు వరద వచ్చి లంక మునిగింది. తొలి కాన్పుకి పుట్టింటికి వెళ్ళవలసిన పిల్ల వెళ్ళలేక రాయపూర్లోనే పురుడు పోసుకుంది. మనవరాలు పుట్టిందని తెలిసి దానయ్య, ఇల్లు పోయి గట్టు మీద పాకలో ఉన్నవాడు, అరటిగెల ఒకటి భుజాన వేసుకుని వచ్చాడు! పగలంతా ఈ క్వార్టరు వరండాలో కూర్చుని పసిదాన్ని చూసుకునేవాడు. చీకటి పడబోతుంటే లేచి, "ధర్సీవాలో మా ఊరాయన ఉన్నాడండి, ఆయ్, అక్కడ పడుకుంటానండి" అని తాయారమ్మతో చెప్పి వెళ్ళిపోయేవాడు. పక్క ఊరు ధర్సీవాలో ఆయన ఊరివాళ్ళెవరూ లేరని ఒక్క బంగారమ్మకే తెలుసు. తండ్రి పంచెకి రోజురోజుకీ బొగ్గుమసి ఎక్కువవుతుంటే నిలదీసి అడిగింది.

"స్టేషన్లో పడుకుంటున్నానే అమ్మా. మీ అత్తగారు నా ఇంట్లో ఒక్క రాత్రి తడవకుండా నిద్రపోవాలి. అందాకా ఆవిడ ఇంట్లో నేను పడుకోను. నువ్వు చెప్పకు. చెబితే జాలిపడి పక్క వేస్తారు. జాలితో వేసిన పక్కమీద నాకు నిద్ర పట్టదే..."

ఆ మాట బంగారమ్మ గుండెలో ముల్లులా కూర్చుంది. కానీ తీసి పారేసుకోవాలని ఎన్నడూ అనిపించలేదు. అది తండ్రి రోషం. తనకి పుట్టింటివారు పెట్టిన నగల్లో అన్నిటికన్నా బరువైనది అదే!

సరిగ్గా అప్పుడే గుమ్మంలో గాజులు గలగలమన్నాయి. పక్క క్వార్టరు మిశ్రాయిన్ కొబ్బరికాయ, కుంకుమ పళ్ళెంలో పెట్టుకుని లోపలికి వచ్చింది. స్టేషన్లో టిక్కెట్లు చూసే మిశ్రాగారి భార్య ఆవిడ.

"మాజీ! సునా హై, ఆప్ లోగ్ లంకా జా రహే హై!" అంటూ తాయారమ్మ కాళ్ళకి దణ్ణం పెట్టేసింది. తెలుగువాళ్ళు రావణుడి లంకకి సకుటుంబంగా బయలుదేరుతున్నారని పొద్దుటి నుంచి కాలనీ అంతా చెప్పుకుంటోందట. సీతమ్మ కూర్చున్న అశోకవనంలోంచి గుప్పెడు మన్ను తెచ్చి పెట్టమని అడగడానికి వచ్చింది!

"ఒసే, ఆ లంక కాదే తల్లీ!" అని తాయారమ్మ నెత్తి కొట్టుకుంది. "నదీ! నదీ బీచ్ మే గావ్! మా కోడలి మాయకా, పుట్టిల్లు!"

మిశ్రాయిన్ ముఖం చిన్నబోయింది. రావణుడు లేని లంకలో ఆవిడకి ఏం రుచి ఉంటుంది పాపం! అయినా వచ్చినందుకు మర్యాదగా, అక్కడ ఎవరింట్లో దిగుతారని హిందీలో అడిగింది.

"బంగళా!" అన్నాడు సూరిబాబు గర్వంగా.

మిశ్రాయిన్ తల పంకించింది. అంతా అర్థమైనట్టు అంది: "అవును మరి. మీలో వియ్యంకుల ఇళ్ళల్లో పడుకోకూడదు కదా. మాలో ఆడపిల్ల తండ్రి కూతురింట్లో మంచినీళ్ళు ముట్టడు. మీలో నీళ్ళు తాగొచ్చు గానీ నిద్రపోకూడదు. మీ ఆచారం నాకు తెలుసు మాజీ."

"మాకలాటి ఆచారమేటీ లేదే! ఎవులు సెప్పినారు నీకు?"

"చెప్పడం ఎందుకు? చూశాం కదా! ఈ పిల్ల పుట్టినప్పుడు మీ వియ్యంకుడు సమధీజీ వారం రోజులూ స్టేషన్లో మూడో తరగతి ముసాఫిర్‌ఖానాలో, ప్రయాణికుల గదిలోనే పడుకున్నాడు. మా ఆయన రోజూ చూసేవాడు. నేను రొట్టెలు పంపితే పుచ్చుకోలేదు. కూతురింట్లో తిన్నానన్నాడట. ఎంత ఆచారం గల మనిషి అని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటాం!"



సూరిబాబు చేతిలో మజ్జిగ గిన్నె అలాగే ఉండిపోయింది. తను ఉద్యోగం చేసే స్టేషన్లో... తనకి పిల్లనిచ్చిన మామగారు... బల్లమీద, మూట తలకింద పెట్టుకుని! తన గూడ్సు బండి యార్డులోంచి కదిలిన ప్రతి రాత్రీ ఆ పెద్దమనిషి అక్కడికి కూతవేటు దూరంలో పడుకుని ఉన్నాడన్నమాట!

మిశ్రాయిన్ అందరి ముఖాలూ చూసి, తను ఏదో తప్పుగా అన్నానని భయపడి, కొబ్బరికాయ పీటమీద పెట్టి మెల్లిగా వెళ్ళిపోయింది.

"ఒలే బంగారీ..." తాయారమ్మ కోడలి వైపు తిరిగింది. "నిజమేనేటే? ధర్సీవా అన్నాడు కదే?"

ఇంక దాచడానికేముంది? తను చెప్పలేదు. దానంతటదే బయటపడింది. బంగారమ్మ తలెత్తి, ఒక్క మాట పెంచకుండా, ఒక్క మాట తగ్గించకుండా తండ్రి అన్నదంతా చెప్పింది.

"వరద తీశాక ఇల్లు మళ్ళీ కట్టుకున్నారండి. తను పడుకునేది ఇప్పటికీ తాటాకు కిందే. పక్కన మాత్రం ఎత్తుగా మట్టి పోయించి, టేకు దూలాలు వేయించి, బంగాళా పెంకుతో ఒక గది కట్టించారు. ఏటా వానాకాలం ముందు తనే పైకెక్కి పెంకు సరిచూసుకుంటారు. వాన పడుతుంటే లోపలికెళ్ళి, చుక్క పడుతోందేమోనని నిలబడి చూస్తారట. అందులో ఇంతవరకూ ఎవరూ పడుకోలేదండి. లంకలో అందరూ దాన్ని వియ్యపురాలి గది అంటారు..."

తాయారమ్మ గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. ఎప్పుడూ ఎవరి ముందూ ఏడవని మనిషి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నవ్వుకోడానికన్న మాటేనే... నాను నవ్వులాటకే అన్నానే! ఇన్నేళ్ళూ నానిక్కడ నవ్వుతా కూకుంటే, ఆ మహానుబావుడక్కడ పెంకు సర్దుకుంటన్నాడా!"

"మీరు తెలిసి అనలేదు కదండీ అత్తయ్యగారూ..."

"నువ్వూరుకో! తెలిసి సెప్పనిదానివి నువ్వు!" అని కసిరింది. ఆ కసురులో ఎంత ప్రేముందో బంగారమ్మకి తప్ప ఇంకెవరికి తెలుస్తుంది! "ఒక్క మాట పడ్డందుకు ఇల్లు కట్టినాడు! మా పుట్టింటోళ్ళయితే తిట్టి ఊరుకుందురు. మా అత్తారోళ్ళయితే ఇనీ ఇననట్టు ఊరుకుందురు. అంత రోసం గల మనిషితోనా నాను వియ్యమందింది! ఇజ్జత్ అంటే అదిరా సూరీ, ఇజ్జత్ అంటే అది!"

కళ్ళు తుడుచుకుని నిటారుగా లేచింది. వాలిన ముఖం ఒక్కసారి వెలిగింది. పశ్చాత్తాపానికి ఆవిడ అంతకన్నా ఎక్కువ సమయం ఇవ్వలేదు. ఆవిడకి చేతనైనది హుకుం చెయ్యడం!

"ఆ బంగళా ఒద్దని మీ దొరకి సెప్పీ. సత్రమూ ఒద్దు. ఆ గదిలో తొంగుంటాను నాను. వానాకాలం దాకా సెలవు దొరకదేట్రా?"

"వానాకాలం ఎందుకమ్మా?" అన్నాడు సూరిబాబు బిత్తరపోయి.

"ఎండల్లో తొంగుంటే ఏటి గొప్ప? ఎండల్లో ఏ ఇల్లు కారతాది? వాన దంచుతా ఉండగా తొంగుని, పొద్దున్న లేసి, 'అన్నయ్యగారూ, ఒక్క సుక్క పడలేదు' అని నా నోటితో నానే సెప్పాలి. ఊరంతా ఇనేలాగ సెప్పాలి!"

లంక వానాకాలంలో ఎలా ఉంటుందో సూరిబాబుకి అనుభవమే. అయినా తల్లి ముఖం చూశాక ఇంక ఎర్రజెండా ఎత్తే ధైర్యం లేకపోయింది. ఆషాఢంలో సెలవు పెడతానని ఒప్పుకున్నాడు. వరద రాకముందే, వాన మాత్రం వచ్చాక!

"ఇంకోటి. తిరుగు బండిలో ఆయన మనతో ఒస్తాడు. ఈ ఇంట్లో తొంగుంటాడు."

"ఉన్నది ఒక్క గది కదమ్మా! ఆయనెక్కడ పడుకుంటారు?"

"గదిలో."

"మరి నేను?"

"స్టేషన్లో బల్లలు లేవేటి?" అంది తాయారమ్మ.

అప్పుడు నవ్వింది బంగారమ్మ! కడుపులోంచి, ఆపుకోలేక, కొంగు కూడా అడ్డం పెట్టుకోకుండా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే కళ్ళంట నీళ్ళు ధారగా కారిపోయాయి... గంగాభవాని భయపడి తల్లిని చుట్టేసుకుంది. తాయారమ్మ కోడలి తల తన భుజానికి ఆనించుకుని, "ఏడు, ఏడు. నా ఇంట్లో ఇంతకాలం ఏడవకుండా ఎలాగున్నావే..." అని మాత్రం అంది.

సాయంకాలం కుళాయి వచ్చే వేళకి బంగారమ్మ బిందె చంకన పెట్టుకుని బయలుదేరింది. ఎప్పుడూ గోడ వారగా, తల వంచుకుని వెళ్ళే మనిషి ఆ రోజు కాలనీ మధ్యదారిన, కొత్త చీర కట్టుకున్నదానిలా నడిచి వెళ్ళింది. కుళాయి దగ్గర ఆడవాళ్ళందరూ వరసలో ఉన్నారు. మిశ్రాయిన్ కూడా ఉంది, ఇంకా ముఖం చెల్లనట్టు పక్కకి చూస్తూ. ఎవరూ ఏమీ అడగలేదు. బంగారమ్మే బిందె కింద పెట్టి, ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"మా నాన్నగారు వస్తున్నారండి" అంది. "మా ఇంట్లోనే పడుకుంటారు."

తెలుగులోనే చెప్పింది. మిశ్రాయిన్‌కి మొత్తం అర్థమైంది.