రేడియేటర్ మీద టేపు

మిడత మెత్తటి బ్రష్‌తో రేడియేటర్ రేకుల్లో ఇరుక్కున్న పురుగులను తీస్తోంది. గ్యారేజీలో ఆమె క్లీనర్. గూఢచారి శాఖ ఫైళ్ళలో ‘మిడత’ అనే మారుపేరున్న ఏజెంటు. చెవిలో బఠాణీ గింజంత రేడియో.

“మిడతా, ఆ విదేశీ ముఠా ఇవాళ్టి రేసులో కారు తగలబెడుతుందట. పోయినేడాది లాగే.” అన్నాడు చీఫ్. “నడిపేది మావాడు. ఒక్కగానొక్క కొడుకు.”

“తెలుసు సార్.”

పోయినేడాది నడిపింది ఆమె అన్నయ్య. ‘చెల్లీ, వీపు కాలిపోతోందే’ అన్న ఆఖరి మాట, ఎక్కడ ఇంజిను మొదలైనా ఆమెకు వినిపిస్తుంది.

వదిన వచ్చింది. నల్లకళ్ళద్దాలు, ఎర్ర స్కార్ఫు. కారు చుట్టూ గాలి ఎటు పోవాలో గీసే ఇంజినీరు. ముఠాలో చేరి, వాళ్ళ గుట్టు శాఖకు మోసే మనిషి.

“వాన పడుతుందా?”

“టైర్లనే అడగాలి.”

కోడ్ కుదిరింది.

“వెనక బ్రేకులకు గాలి పోయే గొట్టంలో గుడ్డ కుక్కారు,” అంది వదిన.

ట్రాక్ మీద మెకానిక్కులు చక్రం ఊడదీశారు. గుడ్డా లేదు, గాడిదగుడ్డూ లేదు. స్టార్టుకు మూడు నిమిషాలు.

మిడత పెన్ను కెమెరాను రేడియేటర్ ఉండే కారు పక్క డొల్లలోకి తోసింది. లోపల రేడియేటర్ ముఖమంతా నల్ల టేపు. తను శుభ్రం చేసినప్పుడు అది లేదు. చలి ఉదయాల్లో ఇంజిను మరీ చల్లబడకుండా, గాలి లోపలికి పోయే నోటి దగ్గర కాస్త టేపు వేస్తారు. ఎండెక్కితే తీసేస్తారు. ఇప్పుడు కాళ్ళ కింద తారు మెత్తబడుతోంది; ఈ వేడిలో టేపు ఉంటే ఇంజిను అంటుకుంటుంది.

టేపు కొస ముక్కోణంగా మడిచి ఉంది. గ్లవ్స్ వేళ్ళకు అందాలని అన్నయ్య అలా మడిచేవాడు. ఇద్దరికే నేర్పాడు. అందులో ఒకరు తను.

హారన్ మోగింది. మోచేతి దాకా చెయ్యి పెట్టి టేపు లాగేసింది. చర్మం చీరుకుంది. కారు దూసుకుపోయింది.

“ఇంజిను నీళ్ళ వేడి మామూలే,” అంది రేడియో.

సాయంత్రం ఇంట్లో వదిన బల్ల మీద మూడు గ్లాసులతో నీళ్ళు పెట్టింది. ఇప్పటికీ మూడే.

“ఎందుకు వదినా?”

“మీ అన్నయ్య కారుకు టేపు వేస్తారని ముందురోజే మీ చీఫ్‌కి చెప్పానే. తీయిస్తానన్నాడు. తీయిస్తే ముఠాకి నా మీద అనుమానం వస్తుందని ఊరుకున్నాడు. సొంత మనిషి పోతే ఎలా ఉంటుందో ఆయనకీ తెలియాలనుకున్నా.”

“మిడతా, ఆ ద్రోహి ఎవరు? చెప్పవేం?” చెవిలో చీఫ్ సలసల కాగుతున్నాడు.

మిడత రేడియో తీసి మూడో గ్లాసులో వేసింది. అంత చప్పున చల్లబరిచే ఏర్పాటు ఏ ఇంజినీరూ ఇంతవరకు గీయలేదు.

చెప్పులు వేసుకుని ఇంట్లోంచి వెళ్ళిపోయింది.