బ్రోమేట్ బయటపడ్డ ఆదివారం

నాచారంలో ఆదివారం తెల్లవారింది. ఇంటి కిందే ఉన్న వాటర్ ప్లాంట్ ముందు ట్రాలీ ఆటో నిండా క్యాన్లు. చర్చి ప్రేమ విందుకు ఈసారి నీళ్లు ప్లాంట్ యజమాని పౌలు ఉచితంగా ఇస్తున్నాడు. ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని, క్యాన్లను తనే తుడుస్తున్నాడు.

మేడ మీద ఆయన కూతురు రోజీ ఫోన్ మోగింది. ఉప్పల్‌లోని నీటి పరీక్షల ల్యాబ్‌లో తనతో పనిచేసే గీతిక.

"రోజీ, నువ్విచ్చిన మీ ప్లాంట్ శాంపిల్ రెండుసార్లు చూసిన. బ్రోమేట్ లిమిట్‌కు రెట్టింపుంది!"

రోజీ ఫోన్ పెట్టేసింది. మెట్లు దూకుతూ దిగి ఆటో తాళంచెవి లాగేసుకుంది.

"డాడీ, ఈ నీళ్లు పోవద్దు!"

"ఏందే పొద్దుపొద్దుగాల లొల్లి? పాస్టరయ్య ఎదురుజూస్తున్నడు."

"నీళ్లల్ల బ్రోమేట్ ఉంది. ఏండ్ల తరబడి తాగితే క్యాన్సర్ భయం."

పౌలు ముఖం నల్లబడింది. "నా నీళ్లల్ల విషమా? ఓజోన్ ఫుల్లు పెట్టిన! ఒక్క పురుగు బతకదు."

"ఫుల్లు ఎందుకు పెట్టినవ్?"

పౌలు మళ్లీ క్యాన్ తుడవసాగాడు. గడప దగ్గరి నుంచి రోజీ తల్లి ఎలిజబెత్ అందుకుంది. "చెప్పరాదు? ఫిల్టర్ నీళ్లు సప్పగున్నయని గిరాకీలు మొత్తుకుంటే, నెల సంది బోరు నీళ్లు కలుపుతుండు. దాంట్ల పురుగులుంటయేమోనని ఓజోన్ పెంచిండు."

రోజీకి విషయం అర్థమైంది. "మన బోరుల బ్రోమైడ్ అనే ఉప్పు ఉంది డాడీ. ఉత్తగుంటే దాంతోటి ఏం ఫికర్ లేదు. ఓజోన్ తగిలితే బ్రోమేట్ అయితది. నువ్వు పెంచినకొద్దీ అది పెరిగింది."

"కాచి తాగితే పోదా?" అంది ఎలిజబెత్.

"పోదు మమ్మీ."

"తాళం ఇయ్యి!" పౌలు అరిచాడు. "ఒక్క పూట తాగితే ఎవరు సస్తరు? నా ఇజ్జత్ ఏంగావాలె? సొంత బిడ్డవై నా ప్లాంట్ మూయిస్తవా?"

"ఒక్క పూటకు ఏం కాదు. మరి నెల సంది తాగుతున్నోళ్లకు ఏం చెప్తవ్? రేపు మళ్ల ఇవే పంపుతవ్ గదా!" రోజీ గడప వైపు చెయ్యి చూపింది. "మమ్మీ కూడా ఇవే తాగుతుంది డాడీ."

పౌలు భార్య వైపు తిరిగాడు. ఆమె చేతిలో అప్పుడే నింపుకున్న చెంబు. దాన్ని అందుకుని మోరీలో ఒంపేశాడు. ఫోన్ తీసి పాస్టరుకు కలిపాడు.

మిషన్ చెడిపోయిందని అబద్ధం చెప్తాడేమో అనుకుంది రోజీ.

"వందనాలు అయ్యగారూ. విందుకు నీళ్లు వేరేకాడికెల్లి తెప్పిస్తున్న. నావి తాగొద్దు. ఇండ్లల్ల నా క్యాన్లుంటే ఒంపెయ్యమని అందరికీ చెప్పుండ్రి. తప్పు నాదే... ఎవరు పట్టిన్రంటరా?" ఆయన రోజీ వైపు చూశాడు. "నా బిడ్డ పట్టింది అయ్యగారూ. నా రోజీ!"

రోజీ తండ్రి భుజం మీద తల ఆనించి బావురుమంది.

"ఏడుపు తర్వాత గానీ," అన్నాడు పౌలు కళ్లు తుడుచుకుంటూ. "పా బిడ్డా, ముందుగాల ఆ బోరు పైపు కోసేద్దాం."